స్టాండప్ హాస్యం: చూచి నేర్చుకొనే విధానం

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యరసాన్ని నిరూపిస్తూ దానిని ఆత్మస్థమనీ, పరస్థమనీ రెండు విధాలుగా విభజించాడు. తాను నవ్వినప్పుడు ఆత్మస్థం. ఇతరులను నవ్వించినప్పుడు పరస్థం. ఎం.ఏ. చదివే రోజులలో ఈ విభజనను పరీక్ష కోసం కంఠస్థం చేశానే గాని, ఈ రెంటికి నడుమ ఎంత దూరం ఉన్నదో అప్పుడు నాకు తెలియదు. ఒక సాయంకాలం వేదిక మీద నిలబడి ఏడు నిమిషాలపాటు ఎవరినీ నవ్వించలేక దిగివచ్చిన తరువాత తెలిసింది. ఆ ముచ్చట కొంత ఆగి చెబుతాను.

నేడు మన విద్యార్థులలో చాలామంది రాత్రి భోజనాలైన తరువాత చేతిలోని ఫోనులో స్టాండప్ ప్రదర్శనలు చూస్తున్నారు. వారిలో ఒకరిద్దరు నా వద్దకు వచ్చి, “సార్, మేము కూడా ఇలా చేయవచ్చునా?” అని అడిగినవారున్నారు. కథ వ్రాయదలచిన వానికి మంచి కథలు చదువుమని చెబుతాము. పద్యం వ్రాయదలచిన వానికి పూర్వకవులను చదువుమని చెబుతాము. హాస్య ప్రదర్శన చేయదలచిన వానికి ఏమి చెప్పాలి? మంచి ప్రదర్శనలు చూడుమని చెప్పడం సులభమే. కాని చదవడానికి ఒక పద్ధతి ఉన్నట్లే చూడడానికి కూడా ఒక పద్ధతి ఉన్నది. ఆ పద్ధతిని గురించి, నా అనుభవంలో తేలినంతవరకు, ఈ వ్యాసంలో ప్రస్తావిస్తాను.

మొదట ‘స్పెషల్’ అనే మాటకు అర్థం చెప్పుకోవాలి. ఒకే కళాకారుడు, వేషం లేకుండా, రంగాలంకరణ లేకుండా, ఒక మైకు ముందు నిలబడి సుమారు ఒక గంటసేపు ప్రేక్షకులను నవ్విస్తే, దానిని చిత్రీకరించి ప్రసారం చేసే ప్రదర్శనకు ఆ పేరు వచ్చింది. అమెరికాలో ఎచ్.బి.ఓ. అనే టెలివిజన్ సంస్థ 1975లో రాబర్ట్ క్లైన్ ప్రదర్శనతో ఈ వరుసను ప్రారంభించింది. ఆ ప్రదర్శన హేవర్‌ఫర్డ్ అనే కళాశాలలో జరిగిందన్నది మనబోటి కళాశాలల వారికి సంతోషం కలిగించే విషయం. 1977లో జార్జ్ కార్లిన్ అదే సంస్థకు తన మొదటి స్పెషల్ చేశాడు. 2008లో మరణించేనాటికి ఆయన చేసినవి 14. వాటిని వరుసగా చూచినవానికి ఒక మనిషి నలభై ఏండ్ల ప్రాయం నుండి డెబ్బది ఏండ్ల వరకు ఎలా ఆలోచించాడో, ఎక్కడ కోపగించాడో, ఎక్కడ అలసిపోయాడో కనబడుతుంది.

స్పెషల్స్‌కు ముందు గ్రామఫోను రికార్డులు ఉండేవి. వాటిలో ఒకదానిని గురించి కొంత విస్తరించి చెప్పాలి, ఎందుకంటే నేర్చుకొనేవారికి అంతకంటె మంచి మొదటి పాఠం నాకు కనబడలేదు. బాబ్ న్యూహార్ట్ అనే ఆయన షికాగో నగరంలో లెక్కలు వ్రాసే ఉద్యోగం చేశాడు, ప్రకటనలు వ్రాశాడు. ఆయన మాటలను 1960లో టెక్సాస్ రాష్ట్రంలోని హూస్టన్‌లో ఒక క్లబ్బులో రికార్డు చేశారు. అప్పటికి ఆయనకు క్లబ్బులలో ప్రదర్శన ఇచ్చిన అనుభవం లేనే లేదని చెప్పవచ్చు. ఆ రికార్డు మరుసటి సంవత్సరం గ్రామీ బహుమతులలో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా ఎన్నికయింది. పాటలకు వచ్చే బహుమతి మాటలకు వచ్చింది.

అందులో కారు నడపడం నేర్పే ఉపాధ్యాయుని ఘట్టం ఒకటి ఉన్నది. కారు నడిపేది ఒక స్త్రీ. ఆమె మాట మనకు ఒక్కటి కూడా వినబడదు. ఆమె ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయుని మాటలే వినబడతాయి. అతడు భయపడుతూనే మర్యాద విడువడు. అతడు ఒక మాట చెప్పి ఆగుతాడు. ఆ ఆగినచోట కారు ఏమి చేసిందో, ఆమె ఏమని ఉంటుందో మనమే ఊహించుకుంటాము. అతని తరువాతి మాట మన ఊహను ధ్రువపరుస్తుంది, లేదా తలక్రిందులు చేస్తుంది. ఆనందవర్ధనుడు ధ్వని అన్నది ఇటువంటిదే. చెప్పిన మాట కంటె చెప్పని మాట బలమైనది. హాస్యంలో ఆ చెప్పని మాటను పూరించే పని శ్రోతది. అందుచేతనే అతడు నవ్వినప్పుడు ఆ నవ్వులో, తాను కనిపెట్టానన్న సంతోషం కొంత కలిసి ఉంటుంది. ఈ రికార్డును వినే విద్యార్థి న్యూహార్ట్ మాటలను విడిచిపెట్టి ఆయన మౌనాలను మాత్రం లెక్కపెట్టుకోవాలని నా సూచన. ఎక్కడ ఆగాడు, ఎంతసేపు ఆగాడు, ఆగిన తరువాత గొంతు పెరిగిందా, తగ్గిందా? మాటలు ఆయన సొత్తు. మౌనాలు మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు.

మన యువజనోత్సవాలలో ఏకపాత్రాభినయం పోటీలు చూచినవారికి ఇదంతా తెలిసినట్లే అనిపించవచ్చు. దుర్యోధనుడు కనబడని కర్ణునితో మాట్లాడతాడు గదా! కాని రెంటికీ ఒక భేదం ఉన్నది. ఏకపాత్రాభినయంలో నటుడు ప్రేక్షకులు లేనట్లే నటిస్తాడు. స్టాండప్‌లో ప్రేక్షకుడే రెండవ పాత్రధారి. అతని సంభాషణ నవ్వే. దానికి సమయం విడువకపోతే అది రెండవ పాత్రధారి నోరు నొక్కినట్లవుతుంది. వక్తృత్వ పోటీలలో మొదటి బహుమతి పొందిన మన విద్యార్థులు ఈ ప్రక్రియలో ముందుగా తడబడేది ఇక్కడనే. వారు ఆగరు. గంట మ్రోగేలోగా విషయం ముగించాలని వారికి నేర్పినవాళ్ళం మేమే.

ఇక దృశ్యంగా చూడవలసిన ప్రదర్శనలలో రిచర్డ్ ప్రయర్‌ది ముందు చెప్పాలి. 1978 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో చిత్రీకరించి, 1979లో సినిమాగా విడుదల చేసిన ప్రదర్శన అది. ప్రయర్ నల్లజాతివాడు, కష్టమైన బాల్యం గడిపినవాడు. 1977లో తనకు వచ్చిన గుండెపోటును ఆయన ఇందులో అభినయిస్తాడు. గుండె ఒక రౌడీవలె మాట్లాడుతుంది. ఊపిరి తీయవద్దని శాసిస్తుంది. ఆయన మోకాళ్ళ మీద కూలి, వేదిక మీద పడి మెలికలు తిరుగుతాడు. దేవునితో మాట్లాడుదామని రహస్యంగా ప్రయత్నిస్తే ఆ సంగతి కూడా గుండెకు తెలిసిపోతుంది. తరువాత అంబులెన్సులో కళ్ళు తెరిస్తే చుట్టూ తెల్లవారి ముఖాలే కనబడతాయి. తాను చచ్చి, పొరబాటున తెల్లవారి స్వర్గానికి వచ్చానని భయపడతాడు.

ఈ ఘట్టాన్ని నేను మొదటిసారి చూచి నవ్వాను. రెండవసారి శబ్దం తీసివేసి చూచాను. అప్పుడు నవ్వు రాలేదు. ఒక మనిషి చావుకు దగ్గరగా వెళ్ళిన దృశ్యం మాత్రమే కనబడింది. బిగుసుకొన్న పిడికిలి, వంగిన వెన్ను, నేలను తాకిన చెంప. మూడవసారి చిత్రాన్ని మూసివేసి శబ్దం మాత్రమే విన్నాను. ప్రేక్షకుల నవ్వులో కొన్నిచోట్ల నవ్వుతో పాటు ఒక విధమైన ఆర్తనాదం కూడా కలిసి ఉన్నదని అప్పుడు గ్రహించాను. భరతుడు స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు తెగలుగా చెప్పి, ఉత్తమ మధ్యమ అధమ ప్రకృతులకు రెండేసి చొప్పున పంచిపెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగే నవ్వు ఆయన లెక్కలో అధములది. లాంగ్ బీచ్ ప్రేక్షకుల నవ్వు విన్న తరువాత ఈ ఒక్క విషయంలో భరతమునితో నాకు అంగీకారం కుదరలేదు.

మూడుసార్లు చూడడం అనే ఈ పద్ధతిని నేను విద్యార్థులకు గట్టిగా చెబుతాను. మొదటిసారి ప్రేక్షకునిగా చూడాలి. నవ్వు వస్తే నవ్వాలి. అప్పుడు కాగితం కలం ముట్టరాదు. రెండవసారి శబ్దం లేకుండా దేహాన్ని చూడాలి. మూడవసారి వినాలి. నాలుగవసారికి నవ్వు పూర్తిగా చచ్చిపోతుంది. నేర్చుకొనేవానికి అదే శుభముహూర్తం. గడియారం విప్పితే గంట కొట్టదు, కాని చక్రాలు కనబడతాయి. అప్పుడు ఐదు నిమిషాల భాగాన్ని తీసుకొని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద ఎక్కించాలి. ఎక్కడ నవ్వు వచ్చిందో అక్కడ గీత గీయాలి. గీతకు సరిగ్గా ముందున్న మాట ఏదో చూడాలి. నూటికి తొంభైపాళ్ళు అని లెక్క చెప్పను గాని, తరచుగా ఆ మాట వాక్యంలో చివరి మాట అయి ఉంటుంది. నవ్వు పుట్టించే మాటకు ముందు నడిచే కథనాన్ని ఆ వృత్తిలోనివారు ‘సెటప్’ అంటారు. ఆ మాటను ‘పంచ్’ అంటారు.

ఇక్కడ తెలుగు వారికి ఒక చిక్కు వస్తుంది. దీనిని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. నా ఓటమి నుండి నేర్చుకొన్నాను. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందుగా వచ్చి కర్మ చివరకు వస్తుంది గనుక, ఆశ్చర్యం కలిగించే వస్తువును చివర ఉంచడం వారికి సులభం. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. ఇంగ్లీషు హాస్యోక్తిని మనం తెలుగులోకి మార్చితే పంచ్ వాక్యం నడుమ పడి, దాని వెనుక ‘అని అన్నాడు’, ‘అని చెప్పాడట’ అనే తోక వ్రేలాడుతుంది. జనం నవ్వబోయే క్షణంలో మనం ఇంకా మాట్లాడుతూ ఉంటాము. నవ్వు గొంతులోనే నిలిచిపోతుంది.

ఉదాహరణకు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అబ్బాజాన్‌కు వేళ తప్పడమంటే గిట్టదు. ఎవరూ ఆలస్యం కాకుండా ఉండాలని ఇంటిలోని గోడగడియారాన్ని పది నిమిషాలు ముందుకు త్రిప్పి ఉంచారు. దీనిని నేను మొదట వ్రాసుకొన్న వాక్యం ఇది: “మేము ఆలస్యమయ్యామన్న సంగతి అందరికంటే పది నిమిషాలు ముందుగా తెలుసుకోవడానికి మా అబ్బాజాన్ గడియారాన్ని ముందుకు త్రిప్పి ఉంచారు.” వ్యాకరణరీత్యా ఇందులో దోషమేమీ లేదు. నవ్వు మాత్రం లేదు. రహస్యం వాక్యారంభంలోనే బయటపడింది. చివరకు మిగిలింది గడియారం. దానిని విడగొట్టి మరల వ్రాశాను: “ఇంటిలో ఎవరూ ఆలస్యం కారాదని మా అబ్బాజాన్ గోడగడియారాన్ని పది నిమిషాలు ముందుకు త్రిప్పి ఉంచారు. ఇప్పుడు మేము ఆలస్యమయ్యామన్న సంగతి మాకు పది నిమిషాలు ముందుగానే తెలిసిపోతున్నది.” సంగతి అదే. మాటలు కూడా ఇంచుమించు అవే. రెండవదానికి మా చెల్లెలు నవ్వింది.

తోక సమస్యకు మన పల్లెటూరి కథకులు ఎన్నడో పరిష్కారం కనిపెట్టారు. వారు ‘అని అన్నాడు’ అని చివర చెప్పరు. “అప్పుడు వాడేమన్నాడంటే” అని ముందే చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆ మాటను చివరకు వదులుతారు. ‘ఏమన్నాడంటే’ అన్న ఆ ఒక్క ముక్కలో వ్యాకరణమున్నది, విరామమున్నది, ఎర కూడా ఉన్నది. నాకు తెలిసి తెలుగు హాస్యానికి అంతకంటే పనికివచ్చే పనిముట్టు లేదు.

మా ఉర్దూ శాఖ మిత్రులతో ఈ సంగతి ముచ్చటిస్తున్నప్పుడు వారు ముషాయిరా పద్ధతిని గుర్తు చేశారు. ఆలోచించి చూస్తే ఆ పోలిక చాలా దూరం పోతుంది. కవి షేర్‌లోని మొదటి పంక్తిని, అంటే మిస్రా-ఎ-ఊలాను, ఒకసారి చదువుతాడు. సభ దానిని అందుకొంటుంది. మరల చదువుతాడు. రెండవ పంక్తి కోసం జనం మెడలు చాచి ఎదురుచూచేటంతవరకు దానిని ఇవ్వడు. ఇది సెటప్ గాక మరేమిటి? ఇక రెండవ పంక్తి చివర ముందు ఖాఫియా వస్తుంది. దాని వెనుక రదీఫ్ వస్తుంది. ఖాఫియా ఎప్పటికప్పుడు క్రొత్తది, రదీఫ్ అందరికీ తెలిసినది. అందుచేత ఖాఫియా వినగానే సభ అంతా రదీఫ్‌ను కవితో కలిసి పలుకుతుంది. పంచ్ వెనుక తోక ఉండరాదని పైన చెప్పాను గదా! ఆ సూత్రానికి ఇది సవరణ. శ్రోత తనంతట తాను పూరించగల తోక అయితే దానివలన నష్టం లేదు, పైగా లాభం. కాని ముషాయిరాలో ‘ముకర్రర్’ అని అడిగి మరల చెప్పించుకోవచ్చు. హాస్యోక్తిని మరల చెప్పుమని అడిగినవాడు దానిని అర్థం చేసుకోనివాడే.

ఒక్కరు నిలబడి సభను నవ్వించే సంప్రదాయం మనకు అమెరికా నుండి దిగుమతి అయినదని కొందరు తలపోస్తారు. హైదరాబాదులో జిందా దిలాన్-ఎ-హైదరాబాద్ సంస్థ 1962లోనే ఏర్పడి హాస్య ముషాయిరాలు నడిపింది. సులేమాన్ ఖతీబ్ దక్కనీ భాషలో ఇంటి గొడవలను చదువుతుంటే సభలు నవ్వాయి. ముజ్తబా హుస్సేన్ వంటి వచన రచయితలు తమ వ్యాసాలను సభలో చదివి నవ్వించారు. వరంగల్లు వాసి నేరెళ్ళ వేణుమాధవ్ ధ్వన్యనుకరణతో ఒంటరిగా సభలను పాలించారు. కనిగిరిలో పుట్టి, బొంబాయిలోని ధారావిలో పెరిగిన జానీ లీవర్, తాను పనిచేసే ఫ్యాక్టరీలో అధికారులను అనుకరించి, ఆ కంపెనీ పేరునే తన పేరుగా చేసుకొన్నాడు. ఆయన తెలుగువాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

జానీ లీవర్ కథ నన్ను మరల నా ఏడు నిమిషాల వద్దకు తెచ్చింది. ఆ ఫ్యాక్టరీ కార్మికులకు ఆ అధికారులు తెలుసు. అసలు తెలిసినవానికే అనుకరణ తెలుస్తుంది. నేను చేసిన పని దీనికి సరిగ్గా విరుద్ధం. రెండేండ్ల క్రితం ఒక కళాశాల వార్షికోత్సవంలో కొద్దిసేపు హాస్యప్రసంగం చేయుమని నన్ను కోరారు. అంతకు ముందు నెల రోజులుగా జెర్రీ సైన్‌ఫెల్డ్ ప్రదర్శనలు చూస్తున్నాను. విమానాలను గురించీ, విమానాశ్రయాలను గురించీ ఆయన చెప్పే ధోరణి నాకు నచ్చింది. ఆయన హాస్యోక్తులను యథాతథంగా దొంగిలించలేదు. ఆ పాపం చేయలేదు. కాని ఆ ధోరణి, ఆ ఆశ్చర్యార్థకమైన గొంతు, చేయి త్రిప్పే తీరు, ఆ విమానం కూడా తెచ్చుకొన్నాను. సభలో కూర్చున్న మూడు వందల మందిలో విమానం ఎక్కినవారు ఎందరు ఉన్నారని నాకు తోచలేదు. మొదటి వరుసలో ఒక పెద్దమనిషి మర్యాదగా చిరునవ్వు నవ్వారు. భరతుని పరిభాషలో స్మితం. తరువాత అదీ లేదు.

మరునాడు మా కళాశాల అటెండరు టీ గ్లాసు నా బల్ల మీద ఉంచి, కొంచెంసేపు నిలబడి, “సార్, నిన్న మీరు ఎవలదో యాక్టింగ్ చేసిన్రు. ఆయన్ని మేమెవ్వలం చూడలేదు గద సార్, నవ్వుదామంటే” అన్నాడు.

ఇరువది పుటల విమర్శ వ్రాసినా ఇంతకంటే సూటిగా చెప్పలేము. స్పెషల్స్ చూచి నేర్చుకొనేవాని ప్రధాన ప్రమాదం ఇదే. అతడు హాస్యోక్తులు దొంగిలించకపోయినా మనిషిని దొంగిలిస్తాడు. ఉర్దూలో ఇతరుల షేర్‌ను తనదని చదవడాన్ని సర్ఖా అంటారు, మనం గ్రంథచౌర్యమంటాము. రెండు సాహిత్యాలలోనూ దానికి క్షమ లేదు. కాని గొంతును, నడకను, చూపును దొంగిలించడానికి ఏ భాషలోనూ పేరు లేదు. అందుచేత దొంగకు కూడా తాను దొంగనని తెలియదు. ప్రయర్‌ను చూచి బూతులు నేర్చుకొనే కుర్రవాళ్ళ సంగతి కూడా ఇంతే. ప్రయర్ నోట ఆ మాటలు ఆయన పెరిగిన వీధి నుండి వచ్చాయి. మన కుర్రవాని నోట అవి ఫోను నుండి వస్తున్నాయి.

అదే సైన్‌ఫెల్డ్ నుండి నేర్చుకోవలసినది వేరొకటి ఉన్నది. అది ఆయన స్పెషల్‌లో లేదు. 1998లో ఆయన న్యూయార్కులోని బ్రాడ్‌హర్స్ట్ థియేటరులో తన పాత హాస్యోక్తులన్నిటినీ ఆఖరిసారిగా చెప్పాడు. ఆ ప్రదర్శనకు ముందు వాటికి అంత్యక్రియలు జరిపినట్లు ఒక పరిహాస దృశ్యం కూడా ఉన్నది. అప్పటికి ఆయన అమెరికాలో అందరికీ తెలిసిన మనిషి. పాతవాటిని పాతిపెట్టిన తరువాత క్రొత్తవాటి కోసం చిన్న చిన్న క్లబ్బులకు మరల వెళ్ళాడు. ఆ ప్రయత్నాన్ని ‘కమెడియన్’ అనే పేరుతో 2002లో డాక్యుమెంటరీగా విడుదల చేశారు. అందులో ఆ మహానుభావుడు వేదిక మీద మాట మరచిపోయి తెల్లబోయి నిలబడతాడు. క్రొత్త హాస్యోక్తులను ఒక్కొక్కటిగా పోగుచేసుకొంటూ, ఐదు నిమిషాలను పది నిమిషాలు చేసుకోవడానికి రాత్రుళ్ళు క్లబ్బుల చుట్టూ తిరుగుతాడు. స్టీవ్ మార్టిన్ అనే మరొక ప్రసిద్ధుడు తన ఆత్మకథలో తన 18 ఏండ్ల వేదిక జీవితాన్ని లెక్కగట్టి, అందులో నేర్చుకోవడానికే 10 ఏండ్లు పట్టిందని వ్రాసుకొన్నాడు.

ఈ డాక్యుమెంటరీ చూడని విద్యార్థికి స్పెషల్స్ చూచే అర్హత లేదని కూడా అనబోయాను. అది ఉపాధ్యాయుని అతిశయోక్తి. అయినా స్పెషల్ అనేది వడపోసి, ఏరి, కూర్చిన గ్రంథం వంటిదని మరువరాదు. చాలా స్పెషల్స్‌ను ఒకటికంటె ఎక్కువ ప్రదర్శనలలో చిత్రీకరించి, బాగా వచ్చిన భాగాలను కలుపుతారు. నవ్వని ముఖాలను కెమెరా చూపదు. ఆ గంట వెనుక నెలల తరబడి చిన్న గదులలో చెప్పి, పండక విసిరివేసిన మాటలు ఎన్నో ఉంటాయి. వ్రాతప్రతిలోని కొట్టివేతలు అచ్చులో కనబడవు. అచ్చుపుస్తకం చూచి, కవి ఒక్క ఊపున వ్రాశాడని భ్రమపడే విద్యార్థిని మనం తరగతిలో సరిదిద్దుతాము. హాస్యం విషయంలో ఆ భ్రమను మనమే నమ్ముతున్నాము.

మరొక చర్చనీయాంశం సత్యం. హసన్ మిన్హాజ్ తల్లిదండ్రులు అలీగఢ్ నుండి అమెరికా వెళ్ళిన ముస్లింలు. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆయన ‘హోమ్‌కమింగ్ కింగ్’ స్పెషల్ మన ఇండ్లలో చాలామందిని కదిలించింది. పాఠశాల నృత్యోత్సవం నాటి సాయంత్రం స్నేహితురాలి ఇంటి గుమ్మం వద్ద తాను తిరస్కారం పొందిన కథ దాని గుండె. 2023 సెప్టెంబరులో న్యూయార్కర్ పత్రిక ఆయన కథలలో కొన్ని చెప్పినట్లుగా జరగలేదని వ్రాసింది. తిరస్కారం కొన్నాళ్ళు ముందే జరిగిందని ఆయన ఒప్పుకొన్నాడు. కథలోని బాధ సత్యమేనని వాదించాడు. తరువాత తన వివరణను ఒక వీడియోగా కూడా విడుదల చేశాడు. నా అభిప్రాయం అడిగితే, గడియారం పది నిమిషాలా, పదిహేను నిమిషాలా అన్నదానిలో హాస్యకారునికి స్వేచ్ఛ ఉన్నది. తనకు జరిగిన అన్యాయాన్ని సాక్ష్యంగా సభ ముందు ఉంచినప్పుడు ఆ స్వేచ్ఛ తగ్గిపోతుంది. మనవంటి అల్పసంఖ్యాకుల మాటను ముందే అనుమానంతో వినేవారు ఉంటారు. వారి చేతికి ఆయుధం మనమే ఇవ్వరాదు.

హన్నా గాడ్స్‌బీ 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘నానెట్’లో ఈ ప్రశ్ననే మరొక వైపు నుండి ఎత్తారు. సిడ్నీ ఒపేరా హౌస్‌లో చిత్రీకరించిన ఆ ప్రదర్శన మొదటి భాగంలో గాడ్స్‌బీ ఒక బస్టాపు సంఘటనను నవ్వు వచ్చేలా చెబుతారు. హాస్యోక్తి అంటే ఉద్వేగాన్ని పెంచి విడుదల చేయడమేనని నడుమ బాహాటంగా వివరిస్తారు. చివరకు వచ్చి, ఆ సంఘటన నవ్వు వద్ద ముగియలేదనీ, తాను దెబ్బలు తిన్నాననీ చెబుతారు. ఈసారి విడుదల ఉండదు. సభ ఆ ఉద్వేగాన్ని మోసుకొని ఇంటికి పోవాలి. దీనిని స్టాండప్ అనవచ్చునా అని వాదించేవారు ఉన్నారు. నేర్చుకొనేవానికి ఆ వాదంతో పని లేదు. సెటప్, పంచ్ అనే యంత్రాన్ని విప్పి చూపే పాఠం ఇంత స్పష్టంగా మరెక్కడా దొరకదు. అయితే దీనిని మొదట చూడరాదు. ప్రయర్‌నూ, న్యూహార్ట్‌నూ చూచి, కొంత యంత్రం తెలిసిన తరువాత చూడాలి.

మన దేశపు ప్రదర్శనలను కూడా తప్పక చూడాలి. వీర్ దాస్ ‘లాండింగ్’కు 2023లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి వచ్చింది. ఇండోర్ వాసి జాకిర్ ఖాన్ 2017లో చేసిన ‘హక్ సే సింగిల్’ను భాష కోసం చూడుమంటాను. ఆయన హిందీలో ఉర్దూ ఛాయ ఎంత సహజంగా పడిందో, చిన్న ఊరి కుర్రవాడు తన ఊరిని దాచుకోకుండా ఎలా నిలబడ్డాడో గమనించదగినవి. వేగం చూచి బెదరవద్దు. ఆయన నిదానంగానే మాట్లాడతాడు.

ఇప్పుడు నా వద్ద రెండు నోటుపుస్తకాలు ఉన్నాయి. ఒకదానిలో చూచిన ప్రదర్శనల గీతలు, విరామాలు, శబ్దం లేనప్పుడు కనబడిన చేతుల వివరాలు వ్రాసుకొంటున్నాను. రెండవదానిలో చూచినవాటి ప్రస్తావనే ఉండరాదని నియమం పెట్టుకొన్నాను. అందులో మా ఇల్లు, మా వీధి, జుమ్మా నాడు చెప్పులు మారిపోయిన ముచ్చట, జవాబు పత్రాలు దిద్దేటప్పుడు కనబడిన వింతలు ఉంటాయి. మొదటి పుస్తకం నిండవచ్చింది. రెండవదానిలో పదకొండు పుటలు మాత్రమే అయినాయి. ఆ పదకొండు పుటలను గట్టిగా చదివితే నాలుగు నిమిషాలు వస్తుంది.

ఈ సంవత్సరం వార్షికోత్సవానికి నా పేరు మరల ఇచ్చాను. మొన్న ఖాళీ పీరియడులో అటెండరును కూర్చోబెట్టి ఆ నాలుగు నిమిషాలు వినిపించాను. గడియారం వద్ద నవ్వాడు. చెప్పుల వద్ద నవ్వలేదు గాని, “సార్, గట్ల కాదు, అది మా మసీదుల అయితే ఎట్లుంటదంటే...” అని మొదలుపెట్టి, లేచి నిలబడి, తానే చేసి చూపించాడు. నేను నోటుపుస్తకం తెరిచాను.